సైఫై, ఫాంటసీ ఎపిసోడ్‌కి రియాక్షన్ రాయడం ఎలా

ఎపిసోడ్ అయిపోయింది, పేర్లు పడుతున్నాయి, జనం ఏమనుకుంటున్నారో చూద్దామని చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది. ఆగండి. రియాక్షన్ రాద్దామనుకునేవాళ్ళు చెయ్యకూడని మొదటి పని అదే. ఇంకొకరి అభిప్రాయం ఒక్కటి చదివారంటే చాలు, మీకేమనిపించిందో మీకే గుర్తుండదు, వాళ్ళన్నదే ముందునుంచీ మీరూ అనుకున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత ఎంత రాసినా అది వాళ్ళ రియాక్షనే. ముందు నాలుగు ముక్కలైనా సరే రాసెయ్యండి, తర్వాత ఎవరివి కావాలంటే వాళ్ళవి తీరిగ్గా చదువుకోండి.

రివ్యూ రాసేవాడు సీజన్ మొత్తం చూసి, ఆలోచించి, తీర్పు చెప్తాడు. రియాక్షన్ రాసేవాడికి వచ్చేవారం ఏం జరుగుతుందో తెలీదు, ఆ తెలీకపోవడమే వాడి పెట్టుబడి. సైఫై, ఫాంటసీల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే పోలీస్ కథలో స్టేషన్ అంటే ఏంటో కోర్టు అంటే ఏంటో మనకి ముందే తెలుసు, ఇక్కడ చచ్చినవాడు నిజంగా చచ్చాడా లేక మూడో ఎపిసోడ్‌లో లేచొస్తాడా అన్నది కూడా తెలీదు, ఆ లోకం రూల్స్ ఒక్కొక్కటే పట్టుకుంటూ పోవాలి. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" మూడో సీజన్‌లో పెళ్ళి విందులోనే ఊచకోత జరిగే ఎపిసోడ్ 2013లో వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? ఆ ఘట్టం ఉన్న పుస్తకం 2000లోనే వచ్చేసింది కాబట్టి చదివినవాళ్ళకి అంతా తెలుసు, వాళ్ళల్లో కొంతమంది ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుని చదవనివాళ్ళ మొహాలు వీడియో తీశారు, జనం ఆ వీడియోల మీద ఎగబడ్డారు. మీరు రాసేదాంట్లో కనపడాల్సింది ఆ మొహమే.

సరే, చూడ్డానికి ముందు కొన్ని పనులున్నాయి. ఆటోప్లే ఆపెయ్యండి, ఇది తప్పనిసరి. సీజన్ మొత్తం ఒకేరోజు పడేసే షోల్లో ఎపిసోడ్ నాలుగు ఎక్కడ అయిందో ఐదు ఎక్కడ మొదలైందో తెలీకుండా పోతుంది, తర్వాత కూర్చుని "నాలుగో ఎపిసోడ్ చూసినప్పుడు నాకు వాడి మీద అనుమానం వచ్చింది" అని రాస్తారు, నిజానికి ఆ అనుమానం ఆరో ఎపిసోడ్‌లో వచ్చి ఉంటుంది. ప్రతి ఎపిసోడ్ చివరా ఓ పది నిమిషాలు ఆగి రాసుకోండి, తర్వాతిది అప్పుడు మొదలెట్టండి. పాత షో అయితే మీరే గ్యాప్ పెట్టుకోవచ్చు. "స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్" మూడో సీజన్ 1990 జూన్‌లో క్లిఫ్‌హ్యాంగర్ మీద, అంటే తర్వాతేమవుతుందో తెలీని చోట, ఆగితే మిగతా సగం సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పటివాళ్ళు ఆ నెలలన్నీ తలలు బద్దలుకొట్టుకున్నారు, ఇప్పుడు మనం ఐదు సెకన్లలో తర్వాతది నొక్కేస్తాం. మూడు నెలలు ఆగమనట్లేదు బాబూ, కనీసం ఒక్క రాత్రి ఆగండి, ఊహలు వాటంతటవే పుట్టుకొస్తాయి.

పాత షో అయితే ఎపిసోడ్ల వరస కూడా చూసుకోవాలి. "ఫైర్‌ఫ్లై" 2002లో టీవీలో వచ్చినప్పుడు ఛానల్‌వాళ్ళు వరస తారుమారు చేసి వేశారు, అందరినీ పరిచయం చేసే రెండు గంటల పైలట్‌ని, అంటే కథ మొదలయ్యే ఎపిసోడ్‌ని, చివర్లో డిసెంబర్‌లో వేశారు. ఆ వరసలో చూస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థంకాక, "క్యారెక్టర్లు సరిగ్గా రాయలేదు" అనేస్తారు, పాపం రాసినవాళ్ళ తప్పేముంది.

స్క్రీన్ సంగతి. 2019లో "గేమ్ ఆఫ్ థ్రోన్స్" చివరి సీజన్ మూడో ఎపిసోడ్, ఆ పెద్ద రాత్రి యుద్ధం, ఏమీ కనపడట్లేదని ప్రపంచమంతా గోల పెట్టింది. కెమెరామన్ ఏమో చాలామందికి టీవీ సరిగ్గా సెట్ చేసుకోవడం రాదన్నాడు, జనానికి ఇంకా మండింది. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. మీరు మాత్రం గదిలో లైట్లు తీసేసి, టీవీలో వెలుతురు తగ్గించే పవర్ సేవింగ్ లాంటివి ఆఫ్ చేసి చూడండి, అప్పటికీ కనపడకపోతే తిట్టండి, అది న్యాయమైన తిట్టు. ఫోన్‌లో బస్సులో చూసి విజువల్స్ గురించి మాట్లాడకండి ప్లీజ్.

ఇప్పుడు నోట్స్. మొదటిసారి చూస్తున్నప్పుడు పాజ్ కొట్టి పేరాలు రాయొద్దు, పాజ్ కొట్టిన ప్రతిసారీ టెన్షన్ సచ్చిపోతుంది, అప్పుడు "ఎపిసోడ్ స్లోగా ఉంది" అనిపిస్తుంది, స్లో చేసింది మీరే. నిమిషం అంకె వేసి రెండు మూడు మాటలు గీకండి, చాలు. "12 - తలుపు??", "19 - ఇదెందుకు నవ్వింది", "31 - అబ్బా వద్దు" ఇలా. మీకు తప్ప ఎవరికీ అర్థం కాకపోయినా పర్లేదు. క్యారెక్టర్ల పేర్లు గుర్తుండకపోతే మీరే పేర్లు పెట్టుకోండి, గడ్డం మామ, రెండో చెల్లి, ఆ కుళ్ళుమోతు మంత్రి, పబ్లిష్ చేసేముందు అసలు పేర్లు వెతికి పెడితే సరిపోతుంది, కొన్నిసార్లు పెట్టకపోయినా అదే బాగుంటుంది. "డార్క్" లాంటి, కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే జర్మన్ షో అయితే మాత్రం కుటుంబాల చెట్టు కాగితం మీద గీసుకోక తప్పదు, మూడు సీజన్లు కలిపి 26 ఎపిసోడ్లే గానీ ఎవడు ఎవడి కొడుకో, ఏ సంవత్సరంలో ఉన్నాడో మనసులో పెట్టుకోవడం అయ్యేపని కాదు. చెట్టు మీరే గీయాలి, ఎక్కడో రెడీగా ఉన్నది తెచ్చుకున్నారో దాంట్లోనే సగం ట్విస్టులు ఉంటాయి.

రాయడానికి కూర్చున్నాక అందరూ చేసేదొకటుంది, కథ మొత్తం చెప్పడం. వాడు ఇక్కడికెళ్ళాడు, ఆమె అక్కడికొచ్చింది, తర్వాత ఓడ పేలింది. చదివేవాళ్ళు ఎపిసోడ్ చూసే వచ్చారు, వాళ్ళకి కథ అక్కర్లేదు, ఆ ఓడ పేలినప్పుడు మీరేమయ్యారో కావాలి. సందర్భం తెలియడానికి ఒక్క వాక్యం, వెంటనే మీ సంగతి. అలాగని "ఏడుపొచ్చింది", "గూస్‌బంప్స్" అని వదిలేస్తే అదీ ఖాళీయే. ఏ షాట్‌కి, ఎందుకు అనేది పట్టుకోండి. 1992లో వచ్చిన "ది ఇన్నర్ లైట్" అనే స్టార్ ట్రెక్ ఎపిసోడ్ తీసుకోండి, అందులో కెప్టెన్ పికార్డ్ ఓ 25 నిమిషాలు స్పృహ తప్పి పడి ఉంటాడు, ఆ 25 నిమిషాల్లో వేరే గ్రహం మీద పెళ్ళాం, పిల్లలు, ముసలితనంతో సహా ఒక జీవితం మొత్తం గడిపేస్తాడు. దానికి "హార్ట్ టచింగ్" అని రాస్తే ఏముంటుంది? చివర్లో తన గదిలో ఒంటరిగా నిలబడి, ఆ జీవితంలో నేర్చుకున్న ఫ్లూట్ తీసి వాయిస్తాడు, వేళ్ళకి ఆ పాట ఇంకా గుర్తుంది, ఆ ఇల్లు మాత్రం ఎక్కడా లేదు. మిమ్మల్ని పట్టుకున్నది ఆ వేళ్ళైతే వేళ్ళ గురించే రాయండి, మిగతా ఎపిసోడ్ మొత్తం వదిలేసినా ఏం కాదు.

ఇంకో చిట్కా, కళ్ళతో పాటు చెవులు కూడా వాడండి. మనవాళ్ళు గ్రాఫిక్స్ గురించి పేజీలు రాస్తారు, సౌండ్ గురించి ఒక్క ముక్క రాయరు. "బఫీ ది వాంపైర్ స్లేయర్"లో 1999 నాటి "హష్" అనే ఎపిసోడ్ ఉంది, ఊరందరి గొంతులూ మాయమైపోతాయి, సగానికి పైగా మాటల్లేకుండా నడుస్తుంది. అదే షోలో 2001లో "ది బాడీ" వచ్చింది, ఒక చావు గురించి, దాంట్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అసలు పెట్టలేదు, చూసేటప్పుడు ఏదో ఊపిరాడనట్టు ఉంటుంది, కారణం వెంటనే తట్టదు. ఎందుకో ఇబ్బందిగా ఉందే అనిపించినప్పుడల్లా ఆ సీన్ ఇంకోసారి కళ్ళు మూసుకుని వినండి.

అలాగే "బాటిల్‌స్టార్ గెలాక్టికా" మొదటి రెగ్యులర్ ఎపిసోడ్, పేరే "33". ప్రతి 33 నిమిషాలకీ శత్రువులు వచ్చి పడుతుంటారు, ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. కథ మధ్యలో మొదలవుతుంది, మాటిమాటికీ గడియారం చూపిస్తారు, చూసే మనకీ కళ్ళు మండుతుంటాయి. "నాకు అలసటొచ్చింది" అని రాస్తే అది ఫిర్యాదులా ఉంటుంది, ఎలా తెప్పించారో ఇంకో వాక్యం రాయండి, అప్పుడది మెచ్చుకోలు అవుతుంది.

ఇక లాజిక్కు. ఈ విషయంలోనే గొడవలన్నీ. "డ్రాగన్ ఉందంటే నమ్మావు, ఇది నమ్మవా?" అని ఒకడు కచ్చితంగా అంటాడు. వాడికి సమాధానం ఏంటంటే, షో తనకి తాను పెట్టుకున్న రూల్ తప్పిందా లేదా అన్నదే లెక్క. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" మొదటి ఎపిసోడ్‌లో రాజు ఉత్తరానికి రావడానికి నెల పట్టింది అని వాళ్ళే చెప్పారు, దూరం అనేది ఆ కథలో ఒక బరువు. ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఒకడు ఉత్తర సరిహద్దులో ఉన్న పెద్ద మంచు గోడ దాకా పరిగెత్తి, కాకి చేత కబురు పంపి, అటునుంచి డ్రాగన్లు ఎగిరొచ్చేదాకా మంచు మధ్య ఇరుక్కున్నవాళ్ళు ఇంకా అక్కడే ఉంటారు. అడగడం తప్పేం కాదు, డ్రాగన్ ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు, నెల ఎటుపోయింది అన్నది ప్రశ్న. "ది ఎక్స్‌పాన్స్"లో అంతరిక్ష ఓడ ఇంజన్ మండుతూ వేగం పెంచుతున్నప్పుడో తగ్గిస్తున్నప్పుడో మాత్రమే నేల మీద కాళ్ళు ఆనతాయి, సగం దారిలో ఓడని వెనక్కి తిప్పి బ్రేక్ వెయ్యాలి, కాబట్టి ఆ షోలో ఇంజన్ ఆపాక ఎవరైనా మామూలుగా నడిస్తే, కాళ్ళకి అయస్కాంతం బూట్లు ఉన్నాయా అని చూడండి. స్టార్ ట్రెక్‌లో ఆ ప్రశ్న అడిగితే మీదే తప్పు, అక్కడ ఎవరూ అలాంటి మాట ఇవ్వలేదు. అసలు స్టార్ ట్రెక్‌లో మనుషుల్ని మాయంచేసి గ్రహం మీద తేల్చే ఆ ట్రాన్స్‌పోర్టర్ పెట్టిందే వారం వారం ఓడ దిగడం చూపించడానికి డబ్బుల్లేక.

తీసేవాళ్ళ ఇబ్బందుల మాట వచ్చింది కాబట్టి, ఫిల్లర్ (కథ కదలకుండా లెక్క నింపే ఎపిసోడ్) అనే తిట్టు వాడేముందు కాస్త ఆలోచించండి. 2007లో "డాక్టర్ హూ"లో "బ్లింక్" అనే ఎపిసోడ్‌లో హీరో అయిన డాక్టరే పెద్దగా కనిపించడు, ఆ నటుడు అదే టైంలో వేరే ఎపిసోడ్ షూటింగ్‌లో ఉన్నాడు కాబట్టి అలా రాశారు. ఎవరూ చూడనప్పుడు మాత్రమే కదిలే రాతి దేవదూతలతో అది ఎంత భయపెట్టిందంటే దానికి సైఫై, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, ఇప్పటికీ ఆ షో తెలీనివాళ్ళకి చాలామంది ముందు అదే చూపిస్తారు. ఇంకోవైపు "బాబిలాన్ 5" ఉంది, ఐదు సీజన్ల కథ ముందే అనుకుని మొదలుపెట్టారు, 110 ఎపిసోడ్లలో 92 ఆ షో సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఒక్కడే రాశాడు. మొదటి సీజన్‌లో ఊరికే అన్నట్టున్న మాటలు ఎప్పుడో తర్వాత వచ్చి తగులుతాయి. దండగ ఎపిసోడ్ అనిపిస్తే దండగ అనే రాయండి, నిజాయితీగా, కానీ ఎందుకు అనిపించిందో, ఏ ముక్క అతికినట్టు లేదో కూడా రాయండి, ఆ అతకని ముక్కే రెండేళ్ళ తర్వాత పనికొస్తుంది.

థియరీలు రాసేటప్పుడు సగం సగం రాయకండి. "ఏదో జరగబోతోంది అనిపిస్తోంది" అంటే ఏంటండీ, ఏదో ఒకటి జరక్కపోతే ఎపిసోడ్ ఎందుకు తీస్తారు. ఎవరు, ఏం చేస్తారు, మీకెందుకలా అనిపించింది, మూడూ ఉండాలి. తప్పైతే తప్పవుతుంది. ఒక్కటే నియమం, తర్వాత వెనక్కెళ్ళి పాత ఊహని దిద్దకూడదు. కావాలంటే కింద తేదీ వేసి "పప్పులో కాలేశాను" అని కలపండి, జనానికి అదే ఇష్టం. పజిల్ లాంటి ఎపిసోడ్ అయితే, ఉదాహరణకి 2015 నాటి డాక్టర్ హూ "హెవెన్ సెంట్", దాదాపు ఎపిసోడ్ అంతా ఒకే నటుడు, పీటర్ కపాల్డీ, ఒక కోటలో ఇరుక్కుని ఉంటాడు, అలాంటిదానికి అసలు సంగతి మీకు ఏ నిమిషంలో తట్టిందో రాస్తే చదివేవాళ్ళు తమ నిమిషంతో పోల్చుకుంటారు. చివరిదాకా తట్టలేదా, అదీ రాయండి.

స్పాయిలర్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఏ ఎపిసోడ్ వరకు మాట్లాడుతున్నారో మొదటి లైన్లో రాయండి, టైటిల్‌లో చచ్చినవాడి పేరు పెట్టకండి. పుస్తకం చదివి ఉంటే అదీ ముందే చెప్పెయ్యండి, తెలీనట్టు నటించి "నాకెందుకో ఈ పెళ్ళి మీద డౌటు" అని రాసేవాళ్ళని జనం ఇట్టే పట్టేస్తారు.

మార్కులు వెయ్యాలా అంటే, వేసుకోండి, కానీ పదికి ఎనిమిదిన్నరా ఎనిమిది ముప్పావా అని బుర్ర పాడుచేసుకోకండి.

సిరీస్ ఫైనల్ ఒక్కదానికి మాత్రం పద్ధతి మారుతుంది. ఏళ్ళ తరబడి చూసింది అయిపోయిందన్న కోపం, బాధ అన్నీ కలిసి అసలు స్క్రీన్ మీద ఏం చెప్పారో కూడా వినపడదు. విమానం కూలి ద్వీపంలో చిక్కుకున్నవాళ్ళ కథ "లాస్ట్" 2010లో అయిపోయింది, ఇప్పటికీ సగంమంది "అందరూ మొదటినుంచీ చచ్చే ఉన్నారట" అని అంటుంటారు, (ఇన్నేళ్ళయింది, స్పాయిలర్ అని నన్ను తిట్టకండి) కానీ చివరి సీన్లో హీరో జాక్ వాళ్ళ నాన్న, నీకు జరిగిందంతా నిజమేనని కొడుక్కి స్పష్టంగా చెప్తాడు. ఎండింగ్ నచ్చకపోవచ్చు, అది మీ ఇష్టం, కానీ లేనిదాన్ని తిట్టకూడదు కదా. అందుకని ఫైనల్ అవ్వగానే కోపంగా రాయాల్సింది రాసి పక్కన పెట్టండి, చివరి పదిహేను నిమిషాలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఇంకోసారి చూడండి, తప్పుగా విన్న చోట్ల కింద ఒక లైన్ కలిపి, కోపం మాత్రం ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచి పోస్ట్ చెయ్యండి.