జీఎస్టీ రిజిస్ట్రేషన్: చిన్న వ్యాపారి సొంతంగా దరఖాస్తు చేసుకునే విధానం

కోదాడలో ఒక చెప్పుల దుకాణం, జగ్గయ్యపేటలో మరొకటి. రెండింటిలోనూ ఏడాదికి 30 లక్షల రూపాయల అమ్మకాలు. కోదాడ వ్యాపారి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని తీరాలి. జగ్గయ్యపేట వ్యాపారికి ఆ అవసరం లేదు. వస్తువులు మాత్రమే అమ్మేవారికి 2019 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 40 లక్షల అమ్మకాల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న పరిమితి వచ్చినా, తెలంగాణ దాన్ని తీసుకోకుండా 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. హోటల్, టైలరింగ్, మరమ్మతులు, ట్యూషన్ లాంటి సేవలకైతే రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. అందుకే పక్క ఊరి బంధువు చెప్పిన మాట మీ దుకాణానికి వర్తించకపోవచ్చు. దరఖాస్తు తెరిచే ముందు ఈ లెక్క తేల్చుకోండి.

లెక్కించడంలోనే చాలామంది పొరబడతారు. టర్నోవర్ అంటే లాభం కాదు, మొత్తం అమ్మకాలు. పన్ను లేని సరుకు అమ్మకాలూ అందులోకి వస్తాయి. కిరాణా కొట్టులో విడిగా తూచి ఇచ్చే బియ్యం, పప్పులపై పన్ను లేకపోయినా వాటి అమ్మకాలను సబ్బులు, బిస్కెట్లతో కలిపే చూస్తారు. ఒకే పాన్ మీద రెండు ఊళ్లలో రెండు దుకాణాలుంటే రెండూ కలిపి లెక్క. అయితే కూరగాయలు, విడి పాలు లాంటి పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి ఎంత వ్యాపారం జరిగినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న దుకాణదారులకు నోటీసులు పంపింది. ఖాతాలో పడిన డబ్బులో ఏది అమ్మకం, ఏది చేబదులు, ఏది పన్ను లేని సరుకు అని చూపించగలిగితేనే అలాంటి నోటీసుకు ధైర్యంగా జవాబివ్వగలం. దుకాణం క్యూఆర్ కోడ్‌ను ఇంటి ఖాతాకు కాకుండా వేరే ఖాతాకు పెట్టుకోవడం ఈరోజే చేయదగిన పని.

పరిమితితో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే సందర్భం మన రెండు రాష్ట్రాల వారికి తరచుగా ఎదురవుతుంది. విజయవాడలో ఇంట్లో పచ్చళ్లు పట్టి హైదరాబాద్‌కు కొరియర్‌లో పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. ఏడాదికి 3 లక్షల వ్యాపారమే అయినా, పన్ను ఉన్న వస్తువు కాబట్టి మొదటి పార్శిల్ నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. 2014కు ముందు ఇది ఒకే రాష్ట్రం లోపలి లావాదేవీ. ఆ అలవాటులో చాలామంది గృహిణులు తెలియకుండానే నిబంధన దాటుతున్నారు. కొన్ని హస్తకళా వస్తువులకు, 20 లక్షల లోపు సేవలకు ఈ విషయంలో మినహాయింపు ఉంది.

ఏ నిబంధనా వర్తించకపోయినా స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. మీ కొనుగోలుదారులు కంపెనీలైతే తీసుకోవడం మంచిది. బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేకపోతే వాళ్లు మీ దగ్గర కొనరు. వీధిలోని వారికి మాత్రమే అమ్మే చిన్న కొట్టుకు తొందర వద్దంటాను. ఒకసారి తీసుకుంటే పరిమితి మాట ఇక ఉండదు. పన్ను ఉన్న సరుకు మొదటి రూపాయి అమ్మకం నుంచే లెక్క మొదలవుతుంది, అమ్మకాలు లేని కాలానికీ రిటర్ను, అంటే అమ్మకాలు, పన్ను లెక్క చూపే పత్రం, వేయాలి.

కాగితాల సంగతి

సొంత వ్యాపారమైతే పాన్, ఆధార్, ఫోటో, వ్యాపారం జరిగే చోటికి రుజువు చాలు. ఆధార్‌కు మీ మొబైల్ నంబర్ అనుసంధానమై ఉండాలి. పాన్ మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, మరోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే అక్కడే పని ఆగిపోవచ్చు.

దరఖాస్తులు ఎక్కువగా ఇరుక్కునేది చిరునామా దగ్గర. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2025 ఏప్రిల్ 17న తన అధికారులకు ఇచ్చిన సూచనల్లో దీన్ని చాలా స్పష్టంగా రాసింది. సొంత స్థలమైతే తాజా ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, మున్సిపల్ రికార్డు నకలు లాంటి వాటిలో ఏదో ఒకటి చాలు. అద్దె దుకాణమైతే అద్దె ఒప్పందం, దానితో పాటు యజమాని హక్కును చూపే కాగితం ఒకటి. ఒప్పందం రిజిస్టర్ అయి ఉంటే యజమాని గుర్తింపు కార్డు అక్కర్లేదు, కాకపోతే జతచేయాలి. కరెంటు మీటరు మీ పేరు మీదే ఉంటే ఆ బిల్లు, అద్దె ఒప్పందం సరిపోతాయి. స్థలం భార్య, తండ్రి లాంటి కుటుంబ సభ్యులదైతే వారు తెల్ల కాగితం మీద రాసిచ్చిన అంగీకార పత్రం, వారి గుర్తింపు కార్డు, స్థలం వారిదని చూపే రుజువు ఒకటి పెట్టాలి.

మన ఊళ్లలో కరెంటు బిల్లు చనిపోయిన తాతగారి పేరు మీదే ఏళ్ల తరబడి నడుస్తుంటుంది. అద్దె ఒప్పందంలో మనవడి పేరు, బిల్లులో తాత పేరు ఉంటే అధికారి ప్రశ్న వేయడం సహజం. అలాంటప్పుడు కరెంటు బిల్లును పక్కనపెట్టి, ప్రస్తుత యజమాని పేరుతో ఉన్న ఆస్తి పన్ను రసీదు పెట్టండి. ఏదో ఒకటి చాలన్న వెసులుబాటు అక్కరకొచ్చేది ఇక్కడే.

పోర్టల్‌లో

జీఎస్టీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు పూర్తిగా ఉచితం. ఎవరైనా ప్రభుత్వ ఫీజు అంటూ డబ్బు అడిగితే అది నిజం కాదు. మీ తరఫున నింపిపెట్టినందుకు తీసుకునే రుసుము వేరు, అది మీకూ వారికీ మధ్య విషయం.

సర్వీసెస్, రిజిస్ట్రేషన్, న్యూ రిజిస్ట్రేషన్ వరుసగా నొక్కితే ఆర్‌ఈజీ-01 ఫారం మొదటి భాగం వస్తుంది. రాష్ట్రం, పాన్, మొబైల్, ఈమెయిల్ ఇస్తే రెండు ఓటీపీలు వస్తాయి. ఇక్కడ మీ సొంత ఫోన్ నంబర్, మీ సొంత ఈమెయిల్ మాత్రమే ఇవ్వండి. నింపిపెట్టే వ్యక్తి పని తేలికవుతుందని తన నంబర్ వేసుకుంటే, రేపు ఆఫీసు నుంచి వచ్చే ప్రతి నోటీసూ, ప్రతి ఓటీపీ అతనికే వెళ్తాయి. మీ పేరు మీద ఎవరైనా దొంగ బిల్లులు రాసినా మీకు తెలియదు. బాధ్యత మాత్రం పాన్ ఎవరిదైతే వారిదే. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క జాగ్రత్తే తీసుకోగలరంటే ఇదే తీసుకోండి.

ఓటీపీలు సరిపోతే తాత్కాలిక రిఫరెన్స్ నంబర్ వస్తుంది. అది 15 రోజులే పనిచేస్తుంది, ఆలోగా రెండో భాగం ముగించాలి. వ్యాపారం పేరు, యజమాని వివరాలు, స్థలం, అమ్మే వస్తువుల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు (ఏ రకం సరుకో తెలిపే అంకెలు) వరుసగా అడుగుతుంది. ప్రధానమైన ఐదు వస్తువుల కోడ్‌లు ఇస్తే చాలు. ఫోటో 100 కేబీ దాటకూడదు.

ఇదే భాగంలో కాంపోజిషన్ పథకం కావాలా అన్న ప్రశ్న ఉంటుంది. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలున్న సరుకుల వ్యాపారి పన్ను ఉన్న అమ్మకాల మీద 1 శాతం, మద్యం అమ్మని హోటల్ 5 శాతం కట్టేసి, మూడు నెలలకోసారి చిన్న పత్రం, ఏడాదికోసారి రిటర్ను ఇస్తే సరిపోతుంది. వీధి దుకాణానికి ఇది మేలు. కానీ బిల్లులో విడిగా పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. పైన చెప్పిన పచ్చళ్ల వ్యాపారికి ఇది పనికిరాదు.

2025 నవంబర్ 1 నుంచి మరో వెసులుబాటు వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉన్న ఇతర వ్యాపారులకు చేసే అమ్మకాల మీద పన్ను నెలకు రెండున్నర లక్షలు దాటదనుకునేవారు 14ఏ నిబంధన కింద ఎంచుకుంటే మూడు పనిదినాల్లో రిజిస్ట్రేషన్ వస్తుంది. ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి.

దరఖాస్తు సమర్పించాక ఆధార్ ధ్రువీకరణ లింకు మీ ఫోనుకు, ఈమెయిల్‌కు వస్తుంది. కొందరిని వేలిముద్రల కోసం జీఎస్టీ సువిధా కేంద్రానికి రమ్మంటారు. ఎవరిని పిలవాలో కంప్యూటర్ విశ్లేషణే నిర్ణయిస్తుంది, పిలుపు వచ్చినంత మాత్రాన తప్పు జరిగినట్లు కాదు. పాన్, ఆధార్, జతచేసిన కాగితాల అసళ్లు తీసుకుని మీరు ఎంచుకున్న తేదీకి వెళ్లండి.

అధికారి ప్రశ్నిస్తే

మామూలు దరఖాస్తును ఏడు పనిదినాల్లో తేల్చాలి. అనుమానం ఉన్న వాటికి స్థలం చూసి 30 రోజుల్లోగా. దుకాణానికి పేరు బోర్డు కట్టి, ఎవరో ఒకరు అక్కడ ఉండేలా చూసుకోండి. తాళం వేసి ఉంటే ప్రతికూల నివేదిక రావచ్చు.

మరిన్ని వివరాలు అడుగుతూ ఆర్‌ఈజీ-03 నోటీసు వస్తే ఏడు పనిదినాల్లో పోర్టల్‌లోనే ఆర్‌ఈజీ-04లో జవాబివ్వాలి. గడువు దాటితే దరఖాస్తును తిరస్కరించవచ్చు. అడిగిన ప్రతిదానికీ విడివిడిగా, సూటిగా రాయండి. ఈ ఊళ్లో నివాసం లేకుండా ఇక్కడ వ్యాపారం ఎలా చేస్తారు లాంటి ఊహాజనిత ప్రశ్నలు వేయవద్దని 2025 నాటి సూచనల్లోనే ఉంది. మీ దరఖాస్తు కేంద్ర అధికారి దగ్గర ఉంటే ఆ సూచనల తేదీని జవాబులో మర్యాదగా ప్రస్తావించండి.

నంబర్ వచ్చాక

15 అంకెల, అక్షరాల నంబర్‌లో మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది మీ పాన్. సర్టిఫికెట్‌ను దుకాణంలో కనిపించేలా పెట్టాలి, బోర్డు మీద నంబర్ రాయించాలి. బ్యాంకు ఖాతా వివరాలను 30 రోజుల్లోగా, లేదా అమ్మకాల వివరాలిచ్చే మొదటి జీఎస్టీఆర్-1 రిటర్ను వేసేలోగా, ఏది ముందైతే అప్పటికి చేర్చాలి. దీన్ని మరిచి రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయినవారు ఎందరో.

కాంపోజిషన్ తీసుకోని చిన్న వ్యాపారులు మూడు నెలలకోసారి రిటర్నులు వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అమ్మకాలూ కొనుగోళ్లూ లేని నెలకు, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బి రిటర్నును 14409కు ఎస్సెమ్మెస్ పంపి కూడా ముగించవచ్చు. ఆలస్యమైతే శూన్య రిటర్నుకు సైతం రోజుకు 20 రూపాయల రుసుము పడుతుంది, గరిష్ఠంగా 500.

దుకాణం మూసేస్తే ఊరికే వదిలేయకండి. ఆర్‌ఈజీ-16లో రద్దుకు దరఖాస్తు చేసి, రద్దయ్యాక మూడు నెలల్లోగా జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను వేయాలి. మిగిలిన సరుకు మీద అంతకుముందు వెనక్కి తీసుకున్న పన్ను ఉంటే అందులోనే చూపి కట్టాలి.