పలకల అంగడికి బీగం వేస్తున్నారా? ముందు పలక లేస్తుందేమో చూడండి

కర్నూలు పాత ఊళ్లో ఇప్పటికీ అక్కడక్కడా షట్టర్ లేని అంగళ్లు ఉన్నాయి. గడపలో ఒక గాడి, పైన దూలంలో ఒక గాడి, పొద్దున ఒక్కో పలక తీసి గోడకు ఆనించడం, రాత్రి మళ్లీ వరసగా నిలబెట్టడం. మాదీ అలాంటిదే. గడప బేతంచెర్ల బండ, పలకలు టేకువి, ఒక్కోదాని వెనక ఉలితో చెక్కిన తెలుగు అంకె ఉంటుంది, ౧ నుంచి ౯ దాకా. షట్టర్ పెట్టించుకోమని చాలామంది చెప్పారు కానీ నాకు ఈ పలకలంటే ప్రాణం, సరిగ్గా బిగిస్తే వీటికి ఏ భయమూ లేదు. సరిగ్గా బిగించకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

ఒకరోజు తెల్లవారుజామున వెళ్లి చూస్తే బీగం వేసింది వేసినట్టే ఉంది, నాలుగో పలక మాత్రం వంకరగా నిలబడి ఉంది, లోపల గల్లాపెట్టె ఖాళీ. అప్పుడు పిలిపించిన ఆచారి బీగాన్ని ముట్టుకోను కూడా లేదు. రెండు చేతులతో పలక పట్టుకుని పైకెత్తి, "బీగం బాగానే ఉంది సామీ, పైన ఖాళీ చూడు" అన్నాడు.

ఆ ఖాళీయే అసలు విషయం. కింది గాడి లోతు అర అంగుళం, పైది అంగుళంన్నర. పలకను ముందు పై గాడిలోకి దూర్చి, కింది అంచు గడప దాటాక కిందికి దించుతాం కదా, అలా దించాక పైన ముప్పావు అంగుళం ఖాళీ మిగులుతుంది. అంటే గడ్డపార మొనతో అర అంగుళం లేపితే చాలు, ఎంత ఖరీదైన బీగం వేసినా పలక ఊడి చేతికొస్తుంది.

కాబట్టి బీగం కొనే ముందు పలక లేవకుండా చేయండి. లోపలి నుంచి పెట్టే పలకలకు ఇది సులువు: పై దూలం నుంచి పలకలోకి వెళ్లేలా ఒక రంధ్రం వేయించి, పలక నిలబెట్టగానే లోపలి వైపు నుంచి వేలెడు ఇనుప చీల దూర్చేయాలి. ఆఖరి ఒకటి రెండు పలకలు బయట నిలబడి పెట్టాల్సిందే, వాటికి అడ్డపట్టీయే దిక్కు. ప్రతి పలకకూ బయట ఒక ఇనుప కడియం, అన్నిటిలోంచి దూరి వెళ్లే రెండంగుళాల వెడల్పు పట్టీ, పట్టీ ఒక కొస గోడలో పాతిన కొక్కేనికి, రెండో కొసకు బీగం. పట్టీ పలకల మీద ఊరికే ఆని ఉంటే లాభం లేదు, కడియాల్లోంచే దూరాలి, పైగా కడియానికీ పట్టీకీ మధ్య సందు ఉండకూడదు. అక్కడ అర అంగుళం వదులు ఉందంటే పలక మళ్లీ లేస్తుంది, చేసిన ఖర్చంతా దండగ.

కడియాలకు స్క్రూలు వేయించకండి. ఎండకు చెక్క ఎండి స్క్రూ పట్టు వదిలేస్తుంది, బయట తల కనిపిస్తే విప్పేవాడికి పని ఇంకా సులువు. గుండు తల బోల్టులు దొరుకుతాయి, తల కింద నలుచదరపు మెడ ఉంటుంది, అది చెక్కలో కూరుకుంటే బయటి నుంచి తిప్పడానికి ఏమీ ఉండదు. లోపల పెద్ద వాషర్, నట్టు వేసి బిగించి, మిగిలిన కొసను సుత్తితో నలగ్గొట్టండి.

బీగం పెద్దదా చిన్నదా అని కాదు, పైన వంగిన కమ్మి పొట్టిగా, లావుగా ఉండి పట్టీ కొసలో అది దూరే రంధ్రాన్ని నిండా ఆక్రమించాలి, గడ్డపార దూరే చోటు మిగలకూడదు. లోపల నూనె పోయొద్దు, మన దుమ్ముకు రెండు నెలల్లో జిగురై చెవి తిరగనివ్వదు. పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి వేయండి. వాన పడకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క పైన మేకు కొట్టి బీగం మీదికి వేలాడదీస్తే సరిపోతుంది.

గాడి శుభ్రం కూడా తాళమంత ముఖ్యం. కింది గాడిలో మట్టి పేరుకుంటే పలక పూర్తిగా దిగదు, పైపైన నిలుస్తుంది, గట్టిగా ఒక తన్ను తంతే లోపలికి పోతుంది. వారానికోసారి స్క్రూడ్రైవర్‌తో గీకి తీయండి, పలక అంచుకు కొవ్వొత్తి రుద్దండి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర నీళ్లు అంగట్లోకి వచ్చి పోయాక గాడి నిండా ఒండ్రు, పలకలు ఉబ్బి నాలుగు రోజులు కదల్లేదు. నాయన ఏ పలకకూ గొడ్డలి తగలనివ్వలేదు, ఆరేదాకా ఆగి, గాడి కడిగి, ఒక్కొక్కటే తీశాడు. వానాకాలంలో పలక బిగుసుకుందని చిత్రిక పట్టించేవాళ్లకు కూడా ఇదే చెప్తాను, ఆగండి. ఆగస్టులో సరిపోయేలా చెక్కితే ఏప్రిల్ ఎండకు పలకకూ పలకకూ మధ్య వేలు దూరుతుంది.

ఒక్క విషయంలో మాత్రం బతిమాలుతున్నాను. రాత్రి అంగట్లో ఎవరైనా పడుకుంటే బయటి నుంచి పట్టీ వేసి బీగం వేయకండి. షార్ట్ సర్క్యూట్ అయి పొగ కమ్మితే పలక ఎత్తి బయటపడటానికి వాళ్లకు దారి ఉండదు. ఆ రాత్రికి లోపలి చీలలు, లోపలి గడియ చాలు, అవీ చీకట్లో చేత్తో తడిమితే ఊడొచ్చేలా ఉండాలి.