డేటాబేస్ సర్వర్ ఓఎస్ మార్చే ముందు

రెడ్ హ్యాట్ 7, సెంటోస్ 7 లినక్స్‌లకు మామూలు సపోర్టు 2024 జూన్ 30తో ముగిసింది. వాటి మీదే డేటాబేస్ నడుపుతుంటే కొత్త ఓఎస్ ఎంచుకోక తప్పదు. ముందు డేటాబేస్ కంపెనీ సర్టిఫికేషన్ పట్టిక (ఏ ఓఎస్‌ల మీద నడపడానికి కంపెనీ ఒప్పుకుంటుందో చెప్పే జాబితా) తెరవండి. ఒరాకిల్ 19సీ డేటాబేస్‌కు అందులో ఒరాకిల్ లినక్స్, రెడ్ హ్యాట్, సూసే ఉంటాయి. ఉబుంటు, డెబియన్ ఉండవు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఆ ఇబ్బంది లేదు, ఏ లినక్స్ మీదైనా నడుస్తుంది. అందుకే అక్కడ ఏమరుపాటు ఎక్కువ.

పోస్ట్‌గ్రెస్ మామూలుగా అక్షరాల వరుసను జీలిబ్‌సీ అనే లినక్స్ మూల లైబ్రరీని అడిగి తెలుసుకుంటుంది. రెడ్ హ్యాట్ 7లో జీలిబ్‌సీ 2.17, 8లో 2.28. ఈ 2.28లో అక్షరక్రమం నియమాలు బాగా మారాయి. టెక్స్ట్ కాలమ్ ఇండెక్స్ డిస్క్ మీద పాత వరుసలోనే ఉంటుంది, కొత్త ఓఎస్ కొత్త వరుసలో వెతుకుతుంది. ఉన్న రో (టేబుల్‌లోని వరుస) దొరకదు. యూనిక్ ఇండెక్స్ ఉన్నా డూప్లికేట్ దూరిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 15కు ముందు డిఫాల్ట్ కొలేషన్ (అక్షరక్రమం నియమాలు) మారిందన్న హెచ్చరిక కూడా రాదు. ఉబుంటు 18.04 నుంచి 20.04కు వెళ్లేవాళ్లదీ ఇదే గండం. బైట్ల వరుసనే పాటించే 'సీ' కొలేషన్ వాడేవాళ్లకు భయం లేదు.

రెండు సర్వర్లలోనూ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్ పెట్టి 1-1, 11 అనే రెండు లైన్లను సార్ట్ చేసి చూడండి. 11 ముందొస్తే పాత వరుస, 1-1 ముందొస్తే కొత్తది.

కొత్త ఓఎస్ మీద స్ట్రీమింగ్ స్టాండ్‌బై (ఫైళ్ల స్థాయిలో నడిచే నకలు సర్వర్) కట్టి ఒక రాత్రి ఫెయిలోవర్ చేసేద్దామనే, అంటే పనిని దానికి మార్చేద్దామనే, అడ్డదారి అందరికీ తడుతుంది. వద్దు, పాత వరుస ఇండెక్స్‌లే దానిలోకి వస్తాయి. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే సాధనం పీజీ_అప్‌గ్రేడ్ కూడా ఇండెక్స్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే తెస్తుంది. డంప్-రీస్టోర్ (డేటాను బయటికి తీసి మళ్లీ ఎక్కించడం), లేదా లాజికల్ రెప్లికేషన్ (ఫైళ్లను కాకుండా రోల మార్పులను పంపడం) మేలు: ఇండెక్స్ కొత్త వరుసలోనే కట్టుకుంటుంది. ఫైళ్లే తెచ్చుకోవాల్సి వస్తే, అప్లికేషన్‌ను కొత్త సర్వర్ మీదికి వదిలే ముందే టెక్స్ట్ ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేసి (మళ్లీ కట్టి), ఇండెక్స్‌లను పరీక్షించే ఆమ్‌చెక్‌తో సరిచూడండి. రాతలు మొదలయ్యాక చేస్తే, అప్పటికే దూరిన డూప్లికేట్ల దగ్గర రీఇండెక్స్ ఆగిపోతుంది. టెక్స్ట్ రేంజ్ పార్టిషన్లుంటే (టెక్స్ట్ విలువల వరుసను బట్టి టేబుల్‌ను ముక్కలు చేసి ఉంటే) రోలు సరైన పార్టిషన్‌లోనే ఉన్నాయో లేదో వేరుగా చూడాలి, రీఇండెక్స్ దాన్ని సరిచేయదు.

ఒరాకిల్ వాళ్ల తలనొప్పి మెమరీ. 64 జీబీ ఎస్‌జీఏను (ఒరాకిల్ ప్రాసెస్‌లన్నీ పంచుకునే మెమరీ) 4 కేబీ పేజీలతో, అంటే మెమరీ ముక్కలతో, నడిపితే, దాన్నంతా తాకిన ఒక్కో ప్రాసెస్ పేజీ టేబుల్‌కే (ఆ పేజీలు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక) 128 ఎంబీ పోతుంది. 500 కనెక్షన్లు అలా చేస్తే మరో 62.5 జీబీ! 2 ఎంబీ హ్యూజ్ పేజీలైతే (పెద్ద పేజీలు) 32,768 కేటాయించి, పైన కొన్ని అదనంగా ఉంచండి. ఒరాకిల్ తన మెమరీని తానే సర్దుకునే మెమరీ_టార్గెట్ సెట్టింగ్ పెట్టి ఉంటే ఇవి పనిచేయవు, తీసేయాలి. లినక్స్ తనంతట తానే ఇచ్చే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు వేరే సంగతి, వాటిని ఆపండి. రీబూట్ తర్వాత మళ్లీ ఆన్ కాలేదని చూసుకోండి.

పాత సర్వర్‌ను వెంటనే తుడిచేయకండి. అయితే కొత్తదానిలో రాతలు పడ్డాక పాతది ఊరికే ఉంటే చాలదు: వెనక్కి రావాలంటే కొత్తదాని నుంచి పాతదానికి లాజికల్ రెప్లికేషన్‌ను మార్పిడి రోజునే మొదలుపెట్టి ఉండాలి.