మాగబెట్టిన పైపు పొగాకు నిరాశపరిస్తే: సమస్య - పరిష్కారం

ఏళ్ల తరబడి దాచిన డబ్బా తెరిచి, పైపు దట్టించి, రెండు దమ్ములు లాగాక "ఇంతేనా?" అనిపిస్తే ముందు నింద పడేది కాలం మీద. నిజానికి చాలాసార్లు తప్పు చెమ్మది, లేదా మూతది, కాదంటే మాగబెట్టడానికి ఎంచుకున్న ఆకుది. కాలం చేసే పని చాలా తక్కువ, అదీ తన పద్ధతిలోనే చేస్తుంది. డబ్బాలో చిక్కుకున్న కొద్దిపాటి గాలితో మార్పు మొదలవుతుంది. ఆ ఆక్సిజన్ అయిపోయాక గాలి లేకుండానే నెమ్మదిగా సాగుతుంది. ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మెయిలార్డ్ చర్య జరిగి రంగు ముదురుతుంది, పచ్చిగడ్డి వాసన తగ్గి ఎండుపండ్ల వాసన వైపు తిరుగుతుంది, గొంతులో గీరే ఘాటు మెత్తబడుతుంది. ఆకులో మొదటినుంచీ లేనిదాన్ని మాత్రం పదేళ్లు దాచినా తెచ్చిపెట్టదు.

నాలుక చుర్రుమంటోంది

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. "ఇన్నేళ్లు మాగింది కదా, ఇంకా మంటేమిటి?" అంటారు. మాగిన ఆకైనా తడిగా ఉంటే మండేటప్పుడు ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరే నాలుకను కాలుస్తుంది. గట్టిగా మూసిన డబ్బాలో చెమ్మ ఎక్కడికీ పోదు కాబట్టి ఆకు లోపల పెట్టిన రోజు ఎంత తడిగా ఉందో తెరిచిన రోజూ అంతే తడిగా ఉంటుంది. ఎన్నేళ్లు గడిచాయన్న దానికీ ఎంత ఆరిందన్న దానికీ సంబంధం లేదు.

చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి వదలండి. ఉండలా అతుక్కుపోతే తడి ఎక్కువ. నెమ్మదిగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే ఎండిపోయినట్టు. కొలిచి చెప్పాలంటే 13 శాతం అటూ ఇటూ చెమ్మ ఉంటే చాలామందికి నచ్చుతుంది. తడిగా ఉంటే ఆ పూటకు కావలసినంతే తీసి కాగితం మీద పలచగా పరిచి అరగంట వదిలేయండి, మధ్యలో మళ్లీ నొక్కి చూడండి. డబ్బా మొత్తం ఆరబెట్టకండి. నొక్కి పలకలుగా కోసిన ఫ్లేక్ అయితే ముందు వేళ్లతో నలిపి విడదీయాలి. పైన ఆరినట్టు కనిపించినా మధ్యలో తడి మిగిలే ఉంటుంది, మోసపోయేది ఇక్కడే.

ఆరబెట్టినా మండుతుంటే మీ దమ్ము చూసుకోండి. బ్యారన్‌లో వేడితో ఎండబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. గుప్పుగుప్పున లాగితే విపరీతంగా వేడెక్కుతుంది. పైపు గిన్నె చేత్తో పట్టుకోలేనంతగా కాలుతోందంటే ఆకుని తిట్టుకోవడం అనవసరం. కాసేపు పక్కన పెట్టి చల్లారాక మళ్లీ వెలిగించండి, మధ్యలో ఆరిపోయినా నష్టమేమీ లేదు.

ఇవేవీ కాకపోతే ఆకు ఇంకా లేతదే అనుకోవాలి. వర్జీనియాలో ఏడాదికి తేడా తెలుస్తుంది, అయిదేళ్లకు బాగా తెలుస్తుంది. సువాసనలు దట్టంగా కలిపిన రకాల సంగతి వేరు. వాటిలో చెమ్మ నిలవడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు, అవి ఎంత పరిచినా ఆరినట్టే ఉండవు. మాగబెట్టి ఆ మంట పోగొట్టాలనుకోవడం వృథా ప్రయాస.

రుచి చప్పబడిపోయింది

ముందు మూత చూడండి. ఆకు గలగలమంటోందంటే గాలి చొరబడి ఎండిపోయినట్టే. దీనికి ఉపాయం ఉంది: పొగాకును వెడల్పు గిన్నెలో పోసి, దాని మీద పిండిన తడిగుడ్డ ఆకుకు తగలకుండా కప్పి, కొన్ని గంటలకోసారి కలుపుతూ ఉండండి. డిస్టిల్డ్ వాటర్ వాడితే మంచిది. నీళ్లు నేరుగా చల్లడం, పండు ముక్కలు వేయడం బూజును పిలిచి కూర్చోబెట్టడమే. మెత్తదనం తిరిగి వస్తుంది గానీ గాలికి పోయిన సువాసనలో కొంత పోయినట్టే లెక్క.

మూత గట్టిగానే ఉంటే ఆకు రకం చూడండి. లటాకియా అంటే ఓరియంటల్ అనే చిన్న ఆకు రకం పొగాకును కట్టెల పొగకు పెట్టి తయారుచేసేది. సిరియాలోని రేవు పట్టణం పేరు మీదుగా ఆ పేరు వచ్చినా ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తుంది. ఆ పొగ వాసన ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, దానితో కలిపిన వర్జీనియా తీపి పైకి వస్తుంది. ఆ మెత్తదనం కోసమే దాచేవాళ్లున్నారు. మీకు పొగ ఘాటే కావాలంటే కొత్త లటాకియా కొద్దిగా కలిపి, మూతపెట్టి రెండు మూడు వారాలు ఉంచండి. వెనీలా, చెర్రీ వంటి పరిమళాలు అద్దిన పొగాకును మాత్రం కొన్న కొత్తలోనే కాల్చేయడం మేలు. ఆ పరిమళం ఆకు లోపలిది కాదు, ఎగిరిపోక తప్పదు.

మరో అనుమానితుడు మీ పైపే. నిన్నటిదాకా గట్టి పరిమళాల పొగాకు కాల్చిన పైపులో మాగిన వర్జీనియా వేస్తే పాత వాసనే మాట్లాడుతుంది. శుభ్రమైన మరో పైపులో వేసి చూశాకే తీర్పు చెప్పండి.

ఎన్నేళ్లయినా మార్పే లేదు

బర్లీ అనే పొగాకు రకాన్ని నీడలో గాలికి ఎండబెడతారు. ఆ క్రమంలోనే దాని చక్కెర దాదాపు ఖర్చయిపోతుంది కాబట్టి తర్వాత మాగడానికి సరుకు తక్కువ. కాస్త నునుపెక్కుతుంది, అంతకుమించి ఆశించకండి. వర్జీనియాతో పెరీక్ కలిపిన మిశ్రమమైతే ఓపికకు తగ్గ ఫలం ఉంటుంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, సెయింట్ జేమ్స్ పారిష్‌లో (అక్కడ పారిష్ అంటే జిల్లా లాంటిది) పీపాల్లో బరువు పెట్టి నెలల తరబడి పులియబెట్టే ఆకు అది. అందులోని ఎండుపండ్ల పులుపు, ముదిరిన వర్జీనియా తీపి బాగా కలిసిపోతాయి.

ఆకు మంచిదే అయినా మారలేదంటే దాచిన తీరులో లోపం ఉన్నట్టే. వాక్యూమ్ చేసి గాలి మొత్తం లాగేస్తే మొదటి అడుగుకు కావలసిన ఆక్సిజన్ ఉండదు. ఫ్రిజ్‌లో పెడితే చర్యలన్నీ మందగిస్తాయి. బాగా ఎండిన ఆకును దాచినా అంతే. రబ్బరు వాషర్ ఉన్న గాజు సీసాలో, మరీ కుక్కకుండా నిండుగా నింపి, వెలుతురు పడని చోట 15 నుంచి 21 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉంచితే చాలు. ప్లాస్టిక్ సంచి నెలలకు సరిపోతుంది గానీ ఏళ్లకు పనికిరాదు. తొందరపడి ఓవెన్‌లో వేడిచేస్తే రంగు ముదురుతుంది, ఉడికిన రుచి వస్తుంది, అది మాగిన రుచి మాత్రం కాదు.

ఆకు మీద తెల్లగా ఏదో ఉంది

కంగారుపడి పారేయకండి, ఆశపడి కాల్చేయకండి. అవి మాగడంతో ఏర్పడిన స్ఫటికాలు కావచ్చు, బూజూ కావచ్చు. టార్చి వెలుగులో, వీలైతే భూతద్దంతో చూడండి. స్ఫటికాలైతే సన్నటి ఇసుక రేణువుల్లా ఆకుకు అంటిపెట్టుకుని, వెలుగు పక్కకు జరిపినప్పుడల్లా మిలమిలలాడతాయి. వాసనలో తేడా ఉండదు. మాగిన వర్జీనియా ఫ్లేక్ మీద ఇవి కనిపించడం మామూలే. బూజు మెరవదు. దూదిపోగుల్లా పైకి లేచి ఉంటుంది, ఒక ముక్కను మరో ముక్కకు సాలెగూడులా కలుపుతుంది, కొన్నిచోట్ల పచ్చగానో బూడిదరంగుగానో ఉంటుంది, డబ్బా తెరవగానే ముక్కవాసన కొడుతుంది. బూజని తేలితే పైపైన తీసేసి మిగతాది కాల్చుదామనే బేరం పెట్టుకోకండి, మొత్తం పారేయండి. సీసాను వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, వాషర్ మార్చండి.

తెరవగానే ముక్కు చిట్లే వాసన

పుల్లటి వాసన వస్తే భయం లేదు, నొక్కి ఉంచిన వర్జీనియాకు అది సహజం. అమ్మోనియా వాసన లోపల చిక్కుకున్న వాయువుది. రెండింటికీ మందు ఒకటే: కాసేపు గాలి తగలనివ్వడం. ఒక్కోసారి మర్నాటికి గానీ అసలు రుచి తేలదు.

మెత్తగానే ఉంది, కానీ తల తిరుగుతోంది

నునుపు వేరు, నికోటిన్ వేరు. ఘాటు తగ్గిందని నికోటిన్ తగ్గదు. గొంతులో గీరడం లేదు కదా అని తెలియకుండానే ఎక్కువ లాగుతారు, తర్వాత వెక్కిళ్లు, చల్లని చెమట, వికారం. వెంటనే ఆపేసి, నీళ్లు తాగి కూర్చోండి. ఈసారి చిన్న గిన్నె ఉన్న పైపు వాడండి, ఖాళీ కడుపుతో ముట్టించకండి. మాగితే పొగ వల్ల హాని తగ్గుతుందనే మాట కూడా అక్కడక్కడా వినిపిస్తుంది, అది తప్పు.

మొదట బాగుంది, నెలకే పాడైంది

ఒకసారి తెరిచిన రేకు డబ్బా మూత మళ్లీ గట్టిగా బిగుసుకోదు. తెరిచిన రోజే చిన్న సీసాల్లోకి సర్దేసి ఒకటి వాడుకోండి, మిగతావి ముట్టుకోకండి. రుచి చూద్దామని మాటిమాటికీ మూత తీసేవాళ్ల సీసా మాగడం కంటే ఆరడమే ఎక్కువ. తెరవని డబ్బా కాస్త ఉబ్బితే లోపల వాయువు పుట్టిందని అర్థం, మూత బిగువుగా ఉన్నట్టే. అంచుల్లో తుప్పు కనిపిస్తే మాత్రం ఆగకుండా తెరిచి చూడండి. తుప్పు బయటే ఉంటే ఆకును సీసాలోకి మార్చుకోవచ్చు. లోపలికి దిగి ఆకుకు అంటితే అది పారేయాల్సిందే.