ఎండలు ముదరకముందే: దుప్పులు తిరిగే వీధుల వాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే చెన్నైలో మా వేళచ్చేరి వైపు వాళ్ళకు ఒక పని గుర్తు రావాలి. నగరం మధ్యే ఉన్న గిండీ అడవిలో గడ్డి ఎండిపోతుంది, గుంటల్లో నీళ్ళు అడుగంటుతాయి. చీకటి పడగానే చుక్కల దుప్పులు గోడల సందుల్లోంచి వీధుల్లోకి వస్తాయి. మే నెలలో ఇక్కడివాళ్ళు కత్తిరి వెయిల్ అనే అగ్నినక్షత్రం రోజుల దాకా ఇదే వరస. ఈ మూడు నెలలూ వాటికీ మనకూ ఏ హానీ జరగకూడదంటే ఇప్పుడే సర్దుకోవాలి.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది ముందు చెప్తాను. రాత్రి ఎనిమిదింటప్పుడు ఒక ఆడ దుప్పి కింద పార్కింగ్‌లోకి వచ్చింది. బయట కుక్కలు ఉన్నాయని వాచ్‌మన్ మంచి మనసుతోనే గేటు మూసేశాడు. ఐదు నిమిషాల్లో ముప్పై మంది దిగారు, అందరి చేతుల్లో ఫోన్లు, ఫ్లాష్‌లు. అది స్తంభానికీ స్తంభానికీ మధ్య పరిగెత్తింది. నున్నటి టైల్స్ మీద గిట్టలు జారి రెండుసార్లు పడింది. గిట్టలు టైల్స్ మీద టకటకమన్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అటవీ శాఖ బండి వచ్చేసరికి ఒక కారు పక్కన కూలబడి, డొక్కలు ఎగరేస్తూ, మూతి దగ్గర నురగతో ఉంది. ఆ రాత్రే చనిపోయింది. ఒంటి మీద పెద్ద గాయమేమీ లేదు.

జింక జాతికి ఉన్న బలహీనతే ఇది. తప్పించుకునే దారి లేక భయంతో పరిగెత్తి పరిగెత్తి వాటి కండరాలే దెబ్బతింటాయి. ఆ కండరాల నుంచి రక్తంలోకి చేరేవి గుండెనూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. పశువుల డాక్టర్లు దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. మనం ముట్టుకోకపోయినా సరే, చుట్టుముడితే చాలు. అందుకే దుప్పి లోపలికి వస్తే గేట్లన్నీ బార్లా తెరిచి, లైట్లు తగ్గించి, మనుషులు పైకి వెళ్ళిపోవాలి. దారి తెరిచి ఉంటే అదే బయటికి వెళ్తుంది. కుక్కలు ఉంటే ఒకరిద్దరు బయట నిలబడి వాటిని అదిలిస్తే సరిపోతుంది.

ఇవి ఇన్ని ఎందుకయ్యాయని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. గిండీ జాతీయ పార్కు మొత్తం దాదాపు 2.7 చదరపు కిలోమీటర్లు. 1978లో జాతీయ పార్కు అయింది. దాన్ని ఆనుకుని ఒకవైపు గవర్నర్ నివాసం, ఇంకోవైపు 1959లో అదే అడవి నేల మీద కట్టిన ఐఐటీ. చుట్టూ ఊరు. పులి లేదు, చిరుత లేదు, ఉన్నవల్లా నక్కలూ కుక్కలూ. ఆడ దుప్పి దాదాపు ఎనిమిది నెలలు మోసి ఒక పిల్లను కంటుంది, అదీ ఫలానా కాలంలోనే అని లేదు. అండమాన్ దీవుల్లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలిన దుప్పులు, తినే జంతువు లేక, మొలిచిన మొక్కనల్లా మేసి అడవినే ఎదగనివ్వకుండా చేశాయి. గిండీలో దుప్పులతోపాటు కృష్ణజింకలు కూడా ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు దుప్పి, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. మన రెండు రాష్ట్రాల గుర్తులూ ఈ తమిళనాట ఒకే అడవిలో మేస్తున్నాయంటే నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

అమెరికాలో ఉన్న మావాళ్ళు అక్కడ కాలనీల్లో జింకలు ఎక్కువైతే వేటకు అనుమతి ఇస్తారని చెప్తారు. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని చంపడం, పట్టుకోవడం, పెంచుకోవడం అన్నీ నేరం. పట్టి వేరేచోట వదలడం కూడా అంత తేలిక కాదు, పైన చెప్పిన భయం జబ్బే అడ్డు. మధ్యప్రదేశ్‌లో బోమా అనే పద్ధతి వాడుతున్నారు. గరాటు ఆకారంలో తడికలు కట్టి, చేయి తగలకుండా మందను మెల్లగా లారీలోకి నడిపిస్తారు. పిల్లలు పుట్టకుండా ఇంజెక్షన్లూ ఉన్నాయి కానీ వాటికి ఒక్కొక్కదాన్నీ మళ్ళీ మళ్ళీ వెతికి వేయాలి. ఇవన్నీ అటవీ శాఖ చూసుకోవాల్సినవి. మన చేతిలో ఉన్నది ఒక్కటే: మన వీధిలో వాటికి తిండి దొరక్కుండా చూడటం. తిండి ఉన్నచోటికే మంద వస్తుంది, ఉన్నంతకాలం ఉంటుంది, పెరుగుతుంది.

ఈ మాట అంటే మా పక్కింటి పెద్దావిడ నొచ్చుకున్నారు. "పాపం, ఆకలితో వస్తే పిడికెడు అన్నం పెట్టకూడదా అమ్మా?" అన్నారు. ఆవిడ ప్రేమను కాదనను. కానీ అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు నెమరువేసే జంతువు కడుపులో పడితే పులిసిపోతాయి. పొట్ట ఉబ్బి, కొన్నిసార్లు ప్రాణం మీదికి వస్తుంది. చేతి నుంచి తినడం అలవాటైన మగ దుప్పి రేపు ఇంకెవరి పిల్లాడి దగ్గరికో కొమ్ములతో వెళ్తుంది. అరటి తొక్కలూ ఆకుకూర కాడలూ కూడా వద్దు. వేసవి కదా అని గేటు బయట నీళ్ళ తొట్టి పెట్టడమూ వద్దు. అడవి లోపలి తొట్లలో అటవీ శాఖ నీళ్ళు నింపుతుంది. మనం బయట పెడితే రోడ్డు దాటి రమ్మని పిలిచినట్టే.

అన్నిటికన్నా చెడ్డది ప్లాస్టిక్. టిఫిన్ పార్సిల్‌తో వచ్చే సాంబార్ కవర్‌కు ఉప్పు రుచి అంటుకుని ఉంటుంది. ఉప్పంటే వీటికి ప్రాణం. మా వీధి చివర చెత్తకుండీ దగ్గర ఒక దుప్పి అలాంటి కవర్‌ను నములుతుంటే చూశాను. ముడి వేసిన కొస ఇంకా పెదవి అంచున వేలాడుతోంది, కళ్ళు అరమూసుకుని హాయిగా నములుతోంది. ఆ కవర్ అరగదు, బయటికి రాదు. కడుపులో ఒకదానికొకటి చుట్టుకుని గడ్డలా తయారై మేతకు చోటు లేకుండా చేస్తుంది. చనిపోయిన జింకలను కోసి చూస్తే ఇలాంటి ఉండలు బయటపడ్డ సందర్భాలు ఈ నగరంలోనే ఉన్నాయి. కాబట్టి తడి చెత్త రాత్రి బయట పెట్టకండి, పొద్దున బండి వచ్చాకే ఇవ్వండి. డబ్బాకు గట్టి మూత, మూత మీద ఒక బరువు. పొంగిపొర్లే కుండీ ఉంటే కార్పొరేషన్ 1913 నంబర్‌కు చెప్పండి, ఎత్తే దాకా చెప్తూనే ఉండండి.

మొక్కలు తింటున్నాయని కొందరు చేపల వల, నైలాన్ వల కడతారు. దానిలో కొమ్ములు చిక్కుకుంటే గింజుకుని గింజుకుని మెడ విరుచుకుంటాయి. ముళ్ళతీగ అంతకన్నా ఘోరం, కరెంటు తీగ నేరం. ఆరడుగులకు మించిన ఎత్తుతో గట్టి ఇనుప జాలీ వేయండి, లేదా మందారం, గులాబీ కుండీలు మేడ మీదికి మార్చండి. బ్యాడ్మింటన్ నెట్, బట్టలు ఆరేసే తాళ్ళు సాయంత్రానికి విప్పేయండి.

బండి నడిపేవాళ్ళకు ఒక్క మాట. తెల్లవారుజామునా మునిమాపు వేళా, అడవి గోడ పక్క రోడ్లలో వేగం తగ్గించాలి. ఒకటి దాటిందంటే వెనక ఇంకో నాలుగు ఉన్నాయని అనుకోండి. హై బీమ్ కళ్ళలో పడితే అవి రోడ్డు మధ్యే నిలబడిపోతాయి, లైటు తగ్గించి ఆగండి.

పెంపుడు కుక్కకు తాడు తప్పనిసరి. వీధి కుక్కలకు అన్నం పెట్టేవాళ్ళు అడవి గోడకు దూరంగా పెట్టండి, వాటికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు కార్పొరేషన్‌ను అడగండి.

పొదలో ఒంటరిగా దుప్పి పిల్ల కనబడితే దిక్కులేనిదని ఇంటికి తేకండి. తల్లి దాన్ని దాచి మేతకు వెళ్తుంది, మనం పక్కకు తప్పుకుంటేనే తిరిగి వస్తుంది. గాయం కనిపించినా, కుక్కలు పట్టబోతున్నా అప్పుడు అటవీ శాఖకు ఫోన్ చేయండి.

చనిపోయిన జింకను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. 2022 మార్చిలో ఐఐటీ క్యాంపస్‌లో జింకలు చనిపోతే ఆంథ్రాక్స్ బయటపడింది. మన ఊళ్ళలో పశువులకు వచ్చే దొమ్మ రోగమే అది. ముక్కులోంచి, వెనక నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే అనుమానించాలి. దాని సూక్ష్మజీవులు మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి, మనుషులకూ సోకుతాయి. పక్కకు లాగడం, కడగడం, పూడ్చడం మనం చేయకూడదు. పిల్లలనూ కుక్కలనూ దూరంగా ఉంచి అటవీ శాఖ వచ్చేదాకా కాపలా ఉండాలి.

అటవీ శాఖ నంబర్ అవసరమైన రాత్రి వెతికితే దొరకదు. ఈ వారంలోనే గిండీ అటవీ శాఖ ఆఫీసులో అడిగి రాసుకుని, లిఫ్ట్ పక్కనా వాచ్‌మన్ గదిలోనూ అంటించండి. కింద తమిళంలో పెద్ద అక్షరాలతో, దుప్పి వస్తే గేటు మూయొద్దు, తెరిచి పెట్టు అని రాయండి. వాచ్‌మన్ మారినప్పుడల్లా కొత్తవాడికి ఆ మాట మొదటి రోజే చెప్పండి.