కామిక్ పుస్తకాలను పదిలపరచుకోవడం ఎలా?

కామిక్ పుస్తకాలు సేకరించేవారు ముందుగా గ్రహించవలసినది, పాత సంచికలకు అసలు శత్రువు అవి అచ్చయిన కాగితమే అన్న సంగతి. చెక్క గుజ్జుతో చేసిన చవక న్యూస్‌ప్రింట్‌లో మిగిలిపోయే లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం గాలికీ వెలుతురుకూ విచ్ఛిన్నమై ఆమ్లాలను పుట్టిస్తుంది. పుటలు పసుపుబారి, అంచులు పెళుసెక్కి రాలిపోవడానికి ప్రధాన కారణం ఇదే. ఈ క్షయాన్ని పూర్తిగా ఆపలేము గానీ, చాలావరకు నెమ్మదింపజేయవచ్చు.

ప్రతి సంచికను శుభ్రమైన పొడి చేతులతో పట్టుకొని, వెనుక ఆమ్లరహితమైన అట్టను ఉంచి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సంచిలోకి మెల్లగా జారవిడవాలి. అరుదైన ప్రతులకు, ఖరీదు ఎక్కువైనా, మైలార్ అని పిలిచే పాలియెస్టర్ తొడుగే మేలు. పీవీసీ సంచుల జోలికి మాత్రం పోరాదు. చిరిగిన పుటకు సెల్లోటేపు అతికించడం అన్నిటికంటే చెడ్డ పని: కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం మిగులుతుంది.

తొడిగిన సంచికలను పెట్టెలో నిలువుగా, ఒరగకుండా, అలాగని కుక్కకుండా అమర్చి, ఎండ తగలని చల్లని గదిలో నేలకు కాస్త ఎత్తున ఉంచాలి. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది, పిన్నులు తుప్పుపడతాయి; కనుక ఆర్ద్రత 50 శాతం లోపు ఉండేలా చూసుకోవాలి.

సంచికల జాబితా తప్పనిసరి, లేకుంటే ఉన్నదే మళ్లీ కొంటారు. (చదవడానికొకటి, దాచడానికొకటి అని తెలిసే రెండు కొనేవారి సంగతి వేరు.) సంచిక ఎంత బాగా ఉందో నిపుణులచేత 0.5 నుంచి 10 వరకు గ్రేడు వేయించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూయించడం అమ్మదలచినవారికి ఉపయోగమే కానీ, మళ్లీ మళ్లీ చదువుకొనేవారికి అది నా దృష్టిలో దండగ ఖర్చు.