మౌస్ మొరాయించినా సెట్టింగ్స్ తెరవొచ్చు

మొన్న మారతహళ్లిలో మా ఇంటికొచ్చిన అత్తయ్యగారు కంప్యూటర్ ముందు కూర్చుని, "అమ్మాయ్, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, మౌస్ కూడా కదలట్లేదు" అన్నారు. ఇలాంటప్పుడు టెన్షన్ అక్కర్లేదు. విండోస్ 10 అయినా 11 అయినా, కీబోర్డులో కింద ఎడమవైపు నాలుగు గళ్ల గుర్తున్న కీని నొక్కిపట్టి ఇంగ్లీషు ఐ (I) అక్షరం నొక్కండి. సెట్టింగ్స్ వచ్చేస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇదే.

అది గుర్తు రాకపోతే ఆ గళ్ల కీ ఒక్కటే నొక్కి వదిలేసి, సెట్టింగ్స్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మౌస్ ఉంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసినా ఆ పేరు కనిపిస్తుంది.

అక్షరాల సైజు కోసమైతే డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ ఎంచుకోండి. మౌస్ బ్యాటరీ మార్చి, అక్కడే స్కేల్‌ని 100 నుంచి 125 శాతానికి పెంచాను. అత్తయ్యగారు ముందుకు వంగడం మానేసి కుర్చీలో వెనక్కి వాలారు.